కరువు నీళ్లతో కారు కడగడం

నీటికి కటకట ఉన్న రోజుల్లో కారు కడగాలంటే మూడు సంగతులు తేల్చుకోవాలి: ఏ నీళ్లు వాడాలి, ఎన్ని వాడాలి, ఆ కొద్ది నీళ్లతోనే రంగు చెడకుండా, నడిపేవారికి ప్రమాదం రాకుండా ఎలా శుభ్రం చేయాలి. మొదటిది చట్టానికీ ఊరి ధర్మానికీ సంబంధించింది. రెండోది లెక్క. మూడోది పనితనం. బోరు సొంతదే కదా అని పైపు వదిలేస్తే పక్కింటి బోరూ ఎండుతుంది. నీళ్లు మిగలాలని పొడిగుడ్డతో రుద్దితే రంగు మీద గీతలు పడతాయి. అసలు కడగడమే మానేస్తే మసకబారిన అద్దంతో రాత్రిపూట రోడ్డెక్కాల్సి వస్తుంది.

ఈ సీమలో నీటి కటకట

ఇలాంటి కటకట తరచూ చూసే ఆమడగూరు మండలం శ్రీ సత్యసాయి జిల్లాలో కర్ణాటక సరిహద్దు పక్కన ఉంది. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లా ఏర్పడేదాకా అనంతపురం జిల్లాలోదే. ఆ ఉమ్మడి జిల్లా పడమటి కనుమల వానచాటు ప్రాంతం. నైరుతి మేఘాలు కనుమల అవతలే చాలావరకు కురిసేస్తాయి. ఈశాన్య రుతుపవనాలు తీరం నుంచి ఇంత లోపలికి వచ్చేసరికి బలహీనపడతాయి. ఏడాది సగటు వాన సుమారు 550 మిల్లీమీటర్లు. హిందూపురం వైపు నుంచి వచ్చే పెన్న, జయమంగళి, పుట్టపర్తిని ఆనుకుని పారే చిత్రావతి ఏడాదిలో ఎక్కువ నెలలు ఇసుక మేటలుగానే కనిపిస్తాయి. గ్రానైటు, నైసు రాళ్ల నేల కావడంతో రాతి పగుళ్లలో ఊరినంత నీరే భూగర్భజలం. అందుకే వందల అడుగులు వేసినా నీరు పడని బోర్లు ఇక్కడ చాలా ఉన్నాయి. 2023 ఖరీఫ్‌లో రాష్ట్ర ప్రభుత్వం ప్రకటించిన 103 కరువు మండలాల్లో ఈ జిల్లా మండలాలూ ఉన్నాయి.

చాలా ఊళ్లలో బోరు నీటికి ఫ్లోరైడు దోషం కూడా ఉంది. అందుకే తాగునీరు దూరం నుంచి వస్తోంది. 1990ల మధ్యలో మొదలైన సత్యసాయి తాగునీటి పథకం ఉమ్మడి జిల్లాలో ఏడు వందలకు పైగా గ్రామాలకు గొట్టాలు వేసింది. పెన్నఅహోబిలం జలాశయం ఆధారంగా నడిచే శ్రీరామిరెడ్డి పథకం హిందూపురం వైపు నీరు పంపుతోంది. హంద్రీనీవా పథకంలో శ్రీశైలం వెనుక జలాల నుంచి ఎత్తిపోసిన కృష్ణా నీరు మెట్టు మెట్టుగా ఎక్కి పెనుకొండ దగ్గరి గొల్లపల్లి జలాశయానికి చేరుతోంది. ఆ చుట్టుపక్కలే, ఎర్రమంచి దగ్గర, 2019లో సెల్టోస్‌తో ఉత్పత్తి మొదలుపెట్టిన కియా కర్మాగారం ఉంది. ఏడాదికి 3 లక్షల కార్లు తయారు చేయగల సామర్థ్యంతో దాన్ని కట్టారు. దేశమంతటా తిరిగే కార్లు తయారయ్యే ఈ సీమలో కొళాయిలో పడే బిందెడు నీటి వెనక వందల కిలోమీటర్ల ప్రయాణం, పంపుల కరెంటు ఖర్చు ఉన్నాయి.

ఇక్కడ నీటి ఆంక్ష ఎప్పుడూ ఉత్తర్వు కాగితం మీదే రాదు. కొళాయి రోజు విడిచి రోజు, ఆ తర్వాత నాలుగు రోజులకోసారి వస్తుంది. మినీ ట్యాంకు దగ్గర బిందెల వరుస పెరుగుతుంది. చివరికి ఊళ్లోకి ట్యాంకరు వస్తుంది. ట్యాంకరు వస్తున్న ఊళ్లో కారుకు పైపు పెట్టడం తప్పని చెప్పడానికి వేరే ఉత్తర్వు అక్కర్లేదు.

చట్టం ఎక్కడ గీత గీసింది

భారతదేశంలో ఈ విషయానికి దగ్గరగా వచ్చే ఉత్తర్వు 2020 అక్టోబరు 8న కేంద్ర భూగర్భజల ప్రాధికార సంస్థ ఇచ్చింది. భూగర్భం నుంచి తోడిన తాగదగిన నీటిని వృథా చేయడం, దుర్వినియోగం చేయడం తగదని 1986 పర్యావరణ పరిరక్షణ చట్టం కింద అది నిర్దేశించింది. రాష్ట్రంలో 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టం, అందరూ వాల్టా అనేది, బోర్ల తవ్వకాన్నీ నమోదునూ అదుపు చేస్తుంది. భూగర్భజలం సొంత గుమ్మం కిందిదైనా ఇష్టం వచ్చినట్టు తోడుకోవడానికి లేదన్నది ఈ రెండింటి సారాంశం.

కారు కడగడాన్ని పేరు పెట్టి నిషేధించిన సందర్భం ఆమడగూరుకు పొరుగునే ఉంది. 2024 మార్చిలో బెంగళూరు జలమండలి తాగునీటితో వాహనాలు కడగడం, తోటలకు పట్టడం, ఫౌంటెన్లు నడపడం ఆపేయాలని ఆదేశించింది. తప్పితే 5,000 రూపాయల జరిమానా, మళ్లీ తప్పితే రోజుకు 500 చొప్పున అదనం. ఆ నెలలోనే 22 ఇళ్లవారు జరిమానా కట్టారు. అదే ఏడాది మే నెలాఖరులో ఢిల్లీ ప్రభుత్వం పైపుతో కార్లు కడిగితే 2,000 రూపాయలు వసూలు చేయాలని నిర్ణయించింది. 

ఇతర దేశాల ఆంక్షల్లో మూడు తీరులు కనిపిస్తాయి. మొదటిది నీటి రకాన్ని బట్టి గీత గీయడం. దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్ 2018 ఫిబ్రవరి నుంచి మనిషికి రోజుకు 50 లీటర్లే అని నిర్ణయించినప్పుడు నగరపాలిక ఇచ్చే తాగునీటిని కార్లకు వాడడం పూర్తిగా నిషిద్ధం. నీరు లేని పద్ధతులు వాడుకోవచ్చు. రెండోది పనిముట్టును బట్టి గీయడం. ఇంగ్లండు 2010 చట్టం ప్రకారం కరువు వేళ పైపు వాడితే 1,000 పౌండ్ల దాకా జరిమానా పడవచ్చు, బకెట్టుతో కడిగితే తప్పు లేదు. కాలిఫోర్నియా 2014లో మూత నాజిల్ లేని పైపుతో కారు కడగడాన్ని నిషేధించింది. మూడోది అవసరాన్ని బట్టి గీయడం. ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్‌లో 2007 నాటి ఆంక్షల్లో ఇంటి దగ్గర బకెట్టు నీళ్లతో అద్దాలు, పక్కటద్దాలు, దీపాలు మాత్రమే తుడుచుకోనిచ్చారు. కారు ఒళ్లు కడగాలంటే వాష్ కేంద్రానికి వెళ్లాలి.

ఈ మూడింటిలో రాయలసీమకు బాగా సరిపోయేది మూడోది. పైపు నిషేధం వల్ల నీరు తగ్గుతుంది కానీ, వారానికి ఎన్ని బకెట్లు అన్న ప్రశ్న అలాగే మిగులుతుంది. నీటి రకాన్ని బట్టి గీసే గీత బోరు నీరే తాగునీరైన పల్లెలో చెదిరిపోతుంది. ఏది అవసరం అన్న ప్రశ్న మాత్రం ఎక్కడైనా నిలుస్తుంది.

లీటర్ల లెక్క

పైపు నుంచి ఎన్ని నీళ్లు పోతున్నాయో తెలుసుకోవడానికి ఇంట్లో ఉన్న బకెట్టు చాలు. 20 లీటర్ల బకెట్టు 80 సెకన్లలో నిండితే నిమిషానికి 15 లీటర్లు. సబ్బు రుద్దుతున్నంతసేపూ పైపు నేల మీద పారుతూనే ఉంటుంది కాబట్టి పావుగంటలో 225 లీటర్లు ఖర్చు. జలజీవన్ మిషన్ పల్లెలో మనిషికి రోజుకు ఇవ్వాలనుకున్నది 55 లీటర్లు. ఒక కారు పావుగంట స్నానం నలుగురు మనుషుల రోజు వాటాకు పైనే అన్నమాట. అదే కారు రెండు బకెట్లతో, చేతి స్ప్రేయరుతో 25 నుంచి 30 లీటర్లలో శుభ్రపడుతుంది. అద్దాలు, దీపాలు మాత్రమే అయితే రెండు చెంబుల నీళ్లు చాలు.

పైపుకు మూత నాజిల్ తగిలించి, కావలసినప్పుడే నొక్కితే ఖర్చు చాలా తగ్గుతుంది. ఇళ్లలో వాడే ప్రెషర్ వాషరు నిమిషానికి ఆరు నుంచి ఎనిమిది లీటర్లు తీసుకుంటుంది. మట్టి గడ్డకట్టిన చక్రాలకూ అడుగుభాగానికీ నాలుగైదు నిమిషాలు వాడితే అది పైపు కంటే మేలు. దాంతో కారు మొత్తం ఆడిస్తూ కూర్చుంటే ఆ మేలు పోతుంది.

దుమ్ము స్వభావం

తక్కువ నీటితో కడగడంలో ఉన్న కష్టమంతా దుమ్ములోనే ఉంది. ఈ సీమ ఎర్రనేల గ్రానైటు అరిగి ఏర్పడింది. అందులోని క్వార్ట్జ్ రేణువు గట్టిదనం మోస్ కొలతలో 7. మామూలు ఇనుప కత్తి కూడా అంత గట్టిది కాదు. కారు రంగు పైన మెరుపునిచ్చే పారదర్శకపు పూత సాధారణంగా 40, 50 మైక్రాన్ల మందం, తలవెంట్రుక కంటే పలచన. వేసవి గాలికి పేరుకున్న దుమ్మును పొడిగుడ్డతో తుడవడమంటే ఆ పూత మీద గరుకు కాగితం నడపడమే. పొద్దున్నే కారును పొడిగుడ్డతో దులపడం చాలామందికి అలవాటు. నీరు ఖర్చు కాదు కాబట్టి అది పొదుపుగా కనిపిస్తుంది. ఎండలో చూస్తే సాలెగూడులా కనబడే సన్నని గీతలు ఎక్కువగా దాని ఫలితమే.

పైపు ధార రేణువులను తోసేస్తుంది. అందుకే దాంతో గీతలు తక్కువ. కొద్ది నీటి పద్ధతి ఏదైనా ఆ తోసేసే పనిని మరో విధంగా చేయాలి: రేణువును ముందు నానబెట్టి వదులు చేయాలి, తర్వాత సబ్బు జారుడుతో ఎత్తాలి, ఎత్తినదాన్ని మళ్లీ కారు మీదికి రానివ్వకూడదు.

నీటి గుణం మరో చిక్కు. ఇక్కడి బోరు నీరు కఠినజలం. కాల్షియం, మెగ్నీషియం లవణాలు అందులో ఎక్కువ. ఎండలో ఆరితే తెల్లని మచ్చలు మిగిలిపోతాయి. అవి రోజుల తరబడి అలాగే ఉంటే పూతలోకి దిగి పాలిష్‌కు కూడా లొంగవు. కఠినజలంలో సబ్బు నురుగు కూడా తక్కువ వస్తుంది. నురుగు రాలేదని ఇంకాస్త సబ్బు, దాన్ని కడగడానికి ఇంకాస్త నీరు ఖర్చవుతాయి.

పద్ధతుల పోలిక

కొద్ది నీటి పద్ధతులు ప్రధానంగా మూడు. మొదటిది రెండు బకెట్లది. ఒక బకెట్టులో కారు షాంపూ కలిపిన నీరు, రెండోదాంట్లో ఉత్త నీరు. గుడ్డను షాంపూలో ముంచి ఒక భాగం తుడిచి, ఉత్త నీటిలో జాడించి, మళ్లీ షాంపూలో ముంచాలి. మట్టి రెండో బకెట్టు అడుగున చేరుతుంది. ఒక మోస్తరు మురికి దాకా ఇది నమ్మకమైన పద్ధతి.

రెండోది, తర్వాత కడిగేయనక్కర్లేని ద్రావణాలతో తుడవడం. ఎనిమిది, పది లీటర్ల నీటిలో సీసా మీద రాసిన కొలత ప్రకారం కలిపి మైక్రోఫైబర్ గుడ్డలతో తుడిచి, పొడి గుడ్డతో ఆరబెడతారు. ద్రావణంలోని జారుడు పదార్థాలు రేణువును చుట్టి ఎత్తుతాయి. మామూలు దుమ్ముకు ఇది చాలు. ఎండిన బురదకు చాలదు.

మూడోది నీరు లేని వాష్. సీసాలోని ద్రవాన్ని నేరుగా చల్లి తుడిచేస్తారు. కంపెనీల సర్వీస్ కేంద్రాల్లో డ్రై వాష్ పేరుతో చేసేదీ ఈ కోవలోదే. నీటి ఆదా ఇందులో అన్నిటికన్నా ఎక్కువ, పొరపాటుకు చోటు అన్నిటికన్నా తక్కువ. పలచని దుమ్ము ఉన్న కారుకు, ఎక్కువ గుడ్డలు మార్చే ఓపిక ఉన్నవారికి ఇది బాగుంటుంది. వాన వెలిశాక మట్టిరోడ్డు నుంచి వచ్చిన కారు మీద ఇది వాడితే పొడిగుడ్డతో రుద్దినంత నష్టం జరుగుతుంది.

బకెట్టు నీళ్లతో పని వరుస

కారును నీడలో, ఇంజనూ లోహమూ చల్లబడ్డాక, తెల్లవారుజామునో సూర్యుడు వాలాకో కడగాలి. ఎండకు కాలిన బానెట్ మీద నీరు క్షణాల్లో ఆవిరై మచ్చలు దిగుతాయి. వేడెక్కిన ముందద్దంలో ముందే రాయి తగిలిన చిన్న పగులు ఉంటే చన్నీళ్లకు అది పొడుగు సాగవచ్చు.

మొదట చేతి పంపు స్ప్రేయరుతో ఐదు లీటర్ల నీటిని పైనుంచి కిందికి సన్నగా చల్లి రెండు మూడు నిమిషాలు నానబెట్టాలి. కలుపుమందు, పురుగుమందు కొట్టిన స్ప్రేయరు ఈ పనికి తేకూడదు. అందులో మిగిలిన మందు చేతులకూ ఊపిరికీ హాని చేస్తుంది. నానిన దుమ్ము కొంత దానంతటదే జారుతుంది. తర్వాత పది లీటర్ల షాంపూ నీరు, పది లీటర్ల ఉత్త నీరు. పైకప్పు, అద్దాలు, బానెట్, తలుపుల పైభాగం, తలుపుల కిందిభాగం, బంపర్లు, చివర చక్రాలు. మట్టి ఎక్కువ ఉండేది కిందే కాబట్టి ఈ వరుస తారుమారు కాకూడదు. గుడ్డను గుండ్రంగా తిప్పకుండా ఒకే దిక్కులో లాగాలి. మడతపెట్టిన గుడ్డలో ఒక్కో భాగానికి ఒక్కో మడత వాడాలి. కింద పడిన గుడ్డను బాగా ఉతికేదాకా మళ్లీ కారుకు తాకించకూడదు. చక్రాలకు వేరే గుడ్డ ఉండాలి. బ్రేకుల నుంచి రాలిన ఇనుప పొడి వాటికి అంటుకుని ఉంటుంది. ఒక్కో భాగం తుడవగానే మెత్తని పొడిగుడ్డతో నీరు ఒత్తేస్తే కఠినజలపు మచ్చలు రావు. మిగిలిన నీళ్లతో చక్రాల గూళ్లు కడిగేయవచ్చు.

కొన్ని మరకలు వారం ఆగలేవు. పక్షి రెట్టలో ఆమ్లం ఉంటుంది, వేసవి ఎండలో అది ఒకటి రెండు రోజుల్లోనే పూతను తినేస్తుంది. 44వ నంబరు జాతీయ రహదారి మీద రాత్రి ప్రయాణంలో ముందు బంపరుకు అతుక్కునే పురుగులూ అంతే. చెట్టు కింద పడే జిగురు ఎండితే రాయవుతుంది. వీటి మీద తడిగుడ్డ ఐదు నిమిషాలు పరిచి, మెత్తబడ్డాక ఎత్తేయాలి. ఇందుకు గ్లాసెడు నీళ్లు చాలు.

రోడ్డు భద్రత కోసం తప్పనిసరి

నీరు ఎంత కరువైనా వదలకూడని భాగాలు ఉన్నాయి: ముందద్దం, వెనకద్దం, పక్కటద్దాలు, ముందు వెనక దీపాలు, ఇండికేటర్లు, నంబరు ప్లేట్లు, వెనక కెమెరా. ముందద్దం మీది సన్నని దుమ్ము పగలు కనిపించదు. ఎదురు లారీ దీపం పడగానే అద్దమంతా తెల్లబడుతుంది. పొడి అద్దం మీద వైపరు ఆడిస్తే అద్దానికి శాశ్వతమైన గీత పడుతుంది. వైపరు నీటి డబ్బా నిండుగా ఉంచడం, రబ్బరు అంచులను వారానికోసారి తడిగుడ్డతో తుడవడం కడగడం కంటే ముఖ్యం. అద్దాలు లోపలి వైపు కూడా తుడవాలి. ఈ పని మొత్తానికి రెండు లీటర్లు మించవు.

కడిగిన వెంటనే బ్రేకులు తడిసి కొద్దిసేపు పట్టు తగ్గుతుంది. బయల్దేరగానే మెల్లగా పోనిస్తూ రెండు మూడుసార్లు బ్రేకు నొక్కి ఆరనివ్వాలి. దూరప్రయాణం నుంచి రాగానే కాలుతున్న డిస్కుల మీద నీళ్లు పోయకూడదు. ఇంజను గదిలోకి పైపు గానీ ప్రెషర్ వాషర్ గానీ కొట్టకూడదు. విద్యుత్ కారు చార్జింగులో ఉండగా కడగకూడదు. బోరు మోటారు స్టార్టరునూ ప్రెషర్ వాషర్ ప్లగ్గునూ తడిచేత్తో, తడినేల మీద నిలబడి ముట్టుకోకూడదు. ఎర్తింగు సరిగ్గా లేని ఇళ్లలో కారు కంటే మనిషి ప్రాణానికే ముప్పు.

ఏ నీళ్లు, ఏ సబ్బు

తాగునీటికి బదులు వాడదగిన నీళ్లు ఇంట్లోనే కొన్ని దొరుకుతాయి. నిల్వ చేసిన వాన నీరు అన్నిటికన్నా మేలు. అది మృదుజలం, మచ్చలు రావు. ఏసీ నుంచి కారే నీరూ అలాంటిదే, తుది తుడుపుకు బాగుంటుంది. ఆర్వో యంత్రం వదిలేసే నీటిలో లవణాలు మరింత చిక్కగా ఉంటాయి. చక్రాలకు, కాలిపట్టాలకు, మట్టి నానబెట్టడానికి దాన్ని వాడవచ్చు. రంగు మీద ఆరనివ్వకూడదు. బట్టలు జాడించిన నీరు టైర్లకే పరిమితం కావాలి.

బట్టల పొడి, అంట్ల సబ్బు కారుకు పనికిరావు. అవి జిడ్డుతో పాటు మైనపు పూతనూ తీసేస్తాయి, వాటిని కడగడానికీ నీరెక్కువ కావాలి. పీహెచ్ తటస్థంగా ఉండే కారు షాంపూ కొద్దిగా చాలు. ఏడాదికి రెండు మూడుసార్లు మైనం పట్టిస్తే దుమ్ము అంటుకోవడం తగ్గి, ఒక్కో వాషుకు కావలసిన నీరూ తగ్గుతుంది. ఉన్న చోట నీడన నిలపడం, మట్టిరోడ్డు మీద మెల్లగా పోనివ్వడం కూడా నీటి పొదుపే. దుమ్ము పట్టిన కారు మీద కవరు కప్పడం మాత్రం చేటు. గాలికి కవరు కదిలిన ప్రతిసారీ గీత పడుతుంది.

కడిగిన నీరు ఎటు పోతుంది

కారు నుంచి జారే నీటిలో నూనె, గ్రీజు, టైరు పొడి, బ్రేకు పొడి, సబ్బు ఉంటాయి. ట్రాక్టర్లు, ఆటోలు, కార్లు చెరువులోకి దింపి కడగడం పల్లెల్లో పాత అలవాటు. నీరు ఎలాగూ అక్కడే ఉంది, ఖర్చేముందని తోస్తుంది. కానీ చెరువు నిండడమే అరుదైన సీమలో అదే నీటిని పశువులు తాగుతాయి, చుట్టుపక్కల బోర్లలోకి అదే దిగుతుంది. 1974 నీటి కాలుష్య నివారణ చట్టం వాగులు, వంకలు, బావుల్లోకి కాలుష్యం వదలడాన్ని నిషేధిస్తుంది. ఇంటి దగ్గర కడిగేటప్పుడు బావికీ బోరుకూ దూరంగా, నీరు ఇంకే మట్టినేల మీద, తక్కువ షాంపూతో కడిగితే నష్టం తక్కువ. అడుగుభాగపు జిడ్డుకు డీజిలు కొట్టించడం నేలకూ రబ్బరు భాగాలకూ రెండింటికీ చెరుపు.

వాటర్ సర్వీసింగ్ కేంద్రాలు ఇక్కడ రెండువైపులా తూగుతాయి. బోరు నీరు తోడి, కడిగి, రోడ్డు కాలవలోకి వదిలేసే కేంద్రం ఇంటి పైపు కంటే మెరుగేమీ కాదు. మట్టి పేరుకునే తొట్టి, నూనె వేరుచేసే గది, నీటిని తిరిగి వాడే ఏర్పాటు ఉన్న కేంద్రం మాత్రం ఇంటి కంటే మంచిది. బురద పట్టిన అడుగుభాగం, జిడ్డు పట్టిన ఇంజను అక్కడ కడగాల్సినవే. ఏ కేంద్రానికి వెళ్లాలో నిర్ణయించడానికి వాడిన నీరు ఎటు పోతోందని అడిగితే చాలు.

తేలినది

కొద్ది నీటితో కారు శుభ్రంగా ఉంచడం సాధ్యమే. అద్దాలు, దీపాలు, నంబరు ప్లేట్లు రెండు మూడు రోజులకోసారి చెంబు నీళ్లతో. రెట్టలూ పురుగుల మరకలూ కనిపించిన రోజే తడిగుడ్డతో. కారు ఒళ్లు రెండు మూడు వారాలకోసారి 25 లీటర్లతో, వీలైతే తాగడానికి పనికిరాని నీటితో. అడుగుభాగం వానకాలం ముగిశాక ఒకసారి, నీటిని తిరిగి వాడే కేంద్రంలో. ఊరికి ట్యాంకరు వస్తున్నన్నాళ్లూ మొదటి రెండు పనులే, మిగతావి వాన పడ్డాక. కారు మీది ఎర్రదుమ్ము ఈ నేల రంగే, నెల రోజులు ఉన్నా కారుకు చెరుపు లేదు. మినీ ట్యాంకు దగ్గర ఖాళీ బిందెతో నిలబడిన ఇల్లు నెల ఆగలేదు. ప్రతి ఊరి పంచాయతీ వేసవి మొదట్లోనే ఈ వరుసను గ్రామసభలో పెట్టి ఒప్పించాలి. జరిమానా కంటే ముందు అందరూ కలిసి పెట్టుకున్న కట్టుబాటు నీటిని కాపాడుతుంది.